రెండు నిమిషాల డ్యూటీ

బెంగాలీలో తాల్ అంటే తాడిచెట్టు, బగీచా అంటే తోట. ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాను అక్కడి మనవాళ్లు తాటితోపు అని పిలుచుకున్నా పోయేదేం లేదు. కానీ పిలవరు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో హిందీ, దరఖాస్తులో ఇంగ్లీషుతో తరాలుగా నెట్టుకొస్తున్న కుటుంబాలవి. ఏ మాట ఏ భాషదో విడదీసి చూసే తీరిక వాళ్లకి లేదు. ఆ పేటలో ఓ చిన్న ఇంటి వరండాలో కూర్చుని, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఓ కుర్రాడు, అతని ముగ్గురు స్నేహితులు రెండు నిమిషాల సినిమా కోసం ఓ నవంబరు నెలంతా తంటాలు పడ్డారు.

సరిగ్గా చెప్పాలంటే వాళ్లు తీయాల్సింది సినిమా కాదు, సినిమా మొదలు. కాలేజీలో మీడియా కోర్సు మాస్టారు అప్పగించిన పని అది. లేని సినిమాకు మొదటి రెండు నిమిషాలు తీసుకురావాలి. పేర్లు పడాలి. ఓ మనిషి పరిచయం కావాలి. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం పుట్టాలి. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం తీయనక్కర్లేదు. పెళ్లిచూపులు ఘనంగా జరిపించండి, పెళ్లి సంగతి మాకొద్దు అన్నట్టు.

ఇలాంటి అభ్యాసం కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు ఏ లెవెల్ మీడియా విద్యార్థులకు కొన్నేళ్లపాటు ఇదే పని పెట్టింది. కొత్త కథాచిత్రానికి టైటిల్స్, ప్రారంభం తీయాలి. నిడివి రెండు నిమిషాలు మించకూడదు. బొమ్మ, శబ్దం అంతా సొంతంగా తీసినదే అయ్యుండాలి. సంగీతానికి మాత్రం కాపీరైట్ లేనిది వాడుకోవచ్చు. దానికి ముందు ఓ చిన్న కసరత్తు కూడా ఉండేది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చి, గది దాటి, ఇంకో మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. తలుపు బయటి నుంచి చేయి గడియ మీద పడిన షాటుకీ, లోపలి నుంచి తలుపు తెరుచుకున్న షాటుకీ మధ్య కదలిక అతకాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉండాలి గానీ ఇద్దరూ ఒకే గోడకేసి చూస్తున్నట్టు ఉండకూడదు. సినిమా వ్యాకరణంలో సగం ఈ తలుపు దగ్గరే ఉంది.

ఖరగ్‌పూర్ మాస్టారు కూడా ముందు ఈ తలుపు కసరత్తే చేయించారు. మన కుర్రాడు తీసింది చూస్తే, లోపలికొచ్చిన స్నేహితుడి భుజాన బయట సంచి ఉంది, లోపల లేదు. మాస్టారు నవ్వి, "సంచి గుమ్మం బయట అలిగి కూర్చుందా?" అన్నారట. ఆ రోజు నుంచి జట్టులో ఒకమ్మాయికి నోటుపుస్తకం పట్టుకుని తిరిగే అలవాటైంది. ఏ షాటులో ఏ చేతిలో ఏముంది, గుండీలెన్ని పెట్టి ఉన్నాయి, గడియారంలో టైమెంత అన్నీ అందులో రాసేది. కెమెరా కూడా ఆమెదే. కెమెరా అంటే సెల్‌ఫోనే.

ప్రారంభాల గురించి నలుగురూ ముందు బోలెడంత చర్చించుకున్నారు. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) కారులో బాంబు పెట్టడంతో మొదలవుతుంది. కెమెరా మూడు నిమిషాలకు పైగా కోత లేకుండా ఆ కారు వెంట తిరుగుతుంది. ఆ షాటు మీద స్టూడియో పేర్లు వేసేస్తే, 1998లో వెల్స్ రాసిపెట్టిన సూచనల ప్రకారం మళ్లీ ఎడిట్ చేసినప్పుడు ఆ పేర్లు తీసేశారు. సాల్ బాస్ 'వెర్టిగో', 'సైకో'లకు వేసిన టైటిల్స్ సంగతీ చర్చకొచ్చింది. మన దగ్గర మాటకొస్తే, హాల్లో తెర మీద మొదట కనపడేది సెన్సారు సర్టిఫికెట్టు. 2012 నుంచి దానికి పొగాకు హెచ్చరిక తోడైంది. ఆ తర్వాత ధన్యవాదాల జాబితా. ఈ లోపు పాప్‌కార్న్ సగం అయిపోతుంది. దర్శకుడు ఎంత గొప్ప మొదటి షాటు ఆలోచించినా అది నిజానికి నాలుగోదో అయిదోదో అవుతుంది.

చర్చలో ముందు గెలిచింది రెల్లుపూలు. దసరాల ముందు బెంగాల్లో ఎటు చూసినా తెల్లగా ఊగే ఆ పూలను చూడగానే అక్కడ పుట్టిన ఏ కుర్రాడికైనా సత్యజిత్ రాయ్ గుర్తొస్తాడు. 'పథేర్ పాంచాలీ'కి ఆయన మొదటిసారి కెమెరా తిప్పింది 1952 అక్టోబరు 27న, రెల్లుపొదల్లోనే. అక్కాతమ్ముళ్లు రైలును చూసే సన్నివేశం. కెమెరామన్ సుబ్రతో మిత్రా అంతకుముందు సినిమా కెమెరా నడిపిందే లేదు. వారం ఆగి మళ్లీ వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మిగతా భాగానికి మరుసటేడు పూలు పూసేదాకా ఆగాల్సొచ్చింది. సినిమా విడుదలైంది 1955లో. ఈ కథ తెలిసిన ప్రతి విద్యార్థీ రెల్లుపూలలో ఓ షాటు తీసి తీరతాడు. మాస్టారు ఆ సంగతి ముందే ఊహించి, "రెల్లు తెచ్చినవాళ్లకి మార్కులుండవు" అని చెప్పేశారు. మంచి పని చేశారు. ఎలాగూ నవంబరు వచ్చేసరికి పూలూ రాలిపోయాయి.

రెండో ఆలోచన స్టేషను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టేశాయి. ఊరివాళ్లలో పెద్దలు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. 'ఎం.ఎస్. ధోనీ' సినిమా (2016) కూడా ఈ స్టేషన్లో తీశారు, ఆయన ఇక్కడ టికెట్ కలెక్టరుగా పనిచేశాడు కాబట్టి. రైలుకూ సినిమాకూ ఉన్న చుట్టరికం మరీ పాతది. లూమియేర్ సోదరుల రైలు స్టేషన్లోకొచ్చిన 50 సెకన్ల చిత్రం 1896 నాటిది. కానీ రైల్వే స్థలంలో షూటింగుకు ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టుకుని, అది కదిలి, జవాబొచ్చేసరికి సెమిస్టరు అయిపోతుంది. దాంతో ఆ ఆలోచనకూ స్వస్తి చెప్పారు.

అప్పుడు కుర్రాడికి తన ఇల్లు కనిపించింది.

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లెందుకు ఉన్నారో చెప్పాలంటే బెంగాల్ నాగపూర్ రైల్వే దగ్గర మొదలెట్టాలి. 19వ శతాబ్ది చివర్లో ఆ కంపెనీ ఇక్కడ జంక్షను కట్టి, వెనకే వర్క్‌షాపు పెట్టింది. హౌరా నుంచి మద్రాసు వెళ్లే దారి శ్రీకాకుళం, విజయనగరం సీమల మీదుగా పోయింది. అటు నుంచి జనం ఆ దారినే వచ్చి పనిలో కుదిరారు. 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన వి.వి. గిరి మన తెలుగాయనే, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఇంత చరిత్ర ఉన్నా, మన కుర్రాడికి తెలుగు మాట్లాడటమే వచ్చు. చదవడం రాదు, రాయడం రాదు. అక్షరాలు అతనికి బొమ్మలు.

అతని తాత క్యారేజీ షాపులో ఫిట్టరుగా రిటైరై ఇరవయ్యేళ్లు కావస్తోంది. ముత్తాత కూడా అదే వర్క్‌షాపు, నాన్న రైల్వేలోనే. ఆ ఇంట్లో 'ఉద్యోగం' అన్న మాట ఎప్పుడూ వినపడదు. ఉండేది డ్యూటీ. డ్యూటీకెళ్లాడు, డ్యూటీ నుంచొచ్చాడు, డ్యూటీ మారింది. నాలుగేళ్లుగా తాతకు జ్ఞాపకం తప్పుతోంది. పేర్లు పోయాయి, వరసలు పోయాయి. డ్యూటీ మాత్రం పోలేదు. రోజూ తెల్లారకుండా లేచి నీలం చొక్కా తొడుక్కుంటాడు. టిఫిన్ క్యారియరు అడుగుతాడు. మామ్మ అందులో రెండు గుప్పెళ్ల అటుకులు పోసి ఇస్తుంది. సైకిలు నడిపించుకుంటూ వీధి మలుపు దాకా వెళతాడు. అక్కడ టీ కొట్టు బిహారీ ఆయన్ను చూసి, పొయ్యి రాజేస్తూనే, "ఆజ్ ఛుట్టీ హై, చాచా" అంటాడు. ఇవాళ సెలవు. తాత ఓ నిమిషం ఆలోచించి, సైకిలు వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేస్తాడు. మర్నాడు మళ్లీ మామూలే.

ఈ ఏర్పాటు మామ్మది. మొదట్లో ఓసారి తాత వర్క్‌షాపు దాకా వెళ్లిపోయి, గేటు దగ్గర లోపలికి పోనివ్వకపోతే ఏడ్చాడు. ఆ సాయంత్రం మామ్మ టీ కొట్టు దగ్గరికెళ్లి ఆ మాట చెప్పించుకుంది. టీ కొట్టు మూసి ఉన్నరోజు పక్కన పాలబూత్ వాడు చెబుతాడు. వీధి వీధంతా ఈ గుట్టు దాచిపెడుతోంది.

రెండు నిమిషాల ప్రారంభానికి ఇంతకన్నా ఏం కావాలి? కుర్రాడు ఆ రాత్రే కాగితం మీద గళ్లు గీసి 14 షాట్లు వేశాడు. చీకట్లో అగ్గిపుల్ల. చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ముసలి వేళ్లు. మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు. సైకిలు స్టాండు తన్నిన శబ్దం. ఎడమ నుంచి కుడికి వెళుతున్న సైకిలు. మలుపు. టీ పొగ. ఒకే ఒక మాట, ఆజ్ ఛుట్టీ హై. కుడి నుంచి ఎడమకు తిరిగొస్తున్న సైకిలు. దాని మీద టైటిలు. మొత్తం 110 సెకన్లు. తాత ఎలాగూ రోజూ చేసేదే కాబట్టి నటన అక్కర్లేదు. కిటికీలోంచి, ఎదురింటి మేడ మీంచి, టీ కొట్టు వెనక నుంచి ఆయనకు తెలియకుండా మూడు పొద్దులు తీస్తే చాలు.

కెమెరా అమ్మాయి ఒప్పుకోలేదు. "దాదూకి చెప్పకుండా తీస్తే అది దొంగతనం" అంది. చెబితే ఏం అర్థమవుతుందని కుర్రాడి వాదన. అర్థం కాదు కాబట్టే చెప్పాలని ఆమె వాదన. మిగతా ఇద్దరూ చెరో వైపు చేరారు. పోనీ మామ్మను అడుగుదామన్నారు. మామ్మ బియ్యం ఏరుతూ అంతా విని, "మడిసిని బొమ్మలాట ఆడిత్తావేట్రా? ఇది మనింటి గుట్టు. ఊరోళ్లు దాసిపెడతంటే నువ్వు పరదా మీదెయ్యాలా?" అంది. ఆ తర్వాత కాసేపాగి, "ఆయన్నే అడగండి. సద్దుగా ఉన్నేల అడగండి" అంది.

డాక్యుమెంటరీ తీసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ముల్లు ఇది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకోవడం వేరు, ఆ మనిషి అంగీకరించడం వేరు. మతిమరుపు ఉన్న మనిషి ఇవాళ సరేనని రేపు మరిచిపోతే, ఆ సరే రేపటికి చెల్లుతుందా? పెద్ద పెద్ద సంస్థలే దీనికి తడబడుతూ జవాబు వెతుక్కుంటాయి. మన నలుగురూ 19, 20 ఏళ్లవాళ్లు. అయితేనేం, అడిగారు.

తాత మనసు తేటగా ఉన్న ఓ మధ్యాహ్నం చూసి, నలుగురూ ఆయన ముందు నేల మీద కూర్చున్నారు. మనవడు చెప్పాడు. సినిమా తీస్తున్నాం తాతా, నువ్వు సైకిలు మీద డ్యూటీకెళ్లడం తీస్తాం, నువ్వే హీరో. తాత శ్రద్ధగా విన్నాడు. సెల్‌ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "డ్యూటీ టైములో ఫొటోలేటి బాబూ? ఫోర్మెన్ ఊరుకోడు. కుదరదు" అని ఫోను తిరిగిచ్చేశాడు.

అది నిరాకరణ అవునా కాదా అన్నదాని మీద ఆ వరండాలో రెండు గంటలు గొడవ జరిగింది. ఫోర్మెన్ లేడు, డ్యూటీ లేదు, లేని కారణం చూపించి కాదంటే అది కాదన్నట్టా? అవునంది కెమెరా అమ్మాయి. కారణం తప్పు కావచ్చు, వద్దన్నమాట తప్పు కాదు. కుర్రాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు గళ్ల కాగితం తెచ్చి, 14 షాట్లలో మొహం కనపడేవి లెక్కపెట్టాడు. అయిదు. వాటిని కొట్టేశాడు. మనిషి మొహం అసలు చూపించకుండా చేతులు, వీపు, చక్రాలు, నీడతో నడపొచ్చేమో చూద్దామన్నాడు. ఆ వేషానికి ఎవరు? కుర్రాడి నాన్న. తాతకూ ఆయనకూ వీపు ఒకటే పోలిక.

నాన్న ముందు నవ్వాడు. తర్వాత, "నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది. ఇప్పుడే రిటైరు చేయిస్తున్నావా?" అన్నాడు. ఆదివారం రెస్టు ఉంటే వస్తానన్నాడు.

ఇక అసలు తిప్పలు వెలుగుతో వచ్చాయి. ఖరగ్‌పూర్‌లో నవంబరులో ఆరు కాకముందే సూర్యోదయం. దానికి ముందు ఓ ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది. ఆ నీలమే కావాలి. కానీ తాత డ్యూటీకి బయల్దేరేది కూడా సరిగ్గా అప్పుడే. ఒకే వీధిలో ఒకే వేళకు ఇద్దరు తాతలు, ఒకే సైకిలు. ఆయన వెళ్లొచ్చేదాకా ఆగితే ఎండెక్కిపోతుంది. దీనికి సినిమావాళ్ల దగ్గర పాత చిట్కా ఒకటుంది. పొద్దుటి వెలుగును సాయంత్రం తీయడం. సూర్యుడు దిగిపోయాక వచ్చే నీలానికీ, ఎక్కే ముందు ఉండే నీలానికీ తేడా తెర మీద ఎవరికీ తెలియదు. తెలిసేది వీధికి. సాయంత్రం వీధి నిండా జనం, టీవీల మోత, శంఖాలు, పకోడీల వాసన (వాసన తెర మీద రాదు, అదొక్కటే ఊరట). తెల్లవారుజాము వీధిలో ఓ కుక్క ఉండాలి, అంతే.

కుర్రకారు ఇంటింటికీ వెళ్లి, ఆదివారం సాయంత్రం ఓ పావుగంట లైట్లు ఆర్పి, బయటికి రావద్దని బతిమాలారు. గుట్టు దాచడం అలవాటైన వీధి కాబట్టి ఈ పని తేలిగ్గానే అయ్యింది. టీ కొట్టు బిహారీ తన మాట తానే చెబుతానన్నాడు. నాలుగేళ్లుగా రోజూ చెబుతున్న మాట, కెమెరా ముందు మాత్రం గొంతు పెగల్లేదు. పదకొండోసారికి సరిపోయింది. అదీ, ఆయన పొయ్యిలో బొగ్గు సర్దుకుంటూ కెమెరా ఉందన్నది మరిచిపోయినప్పుడు.

సెల్‌ఫోనుకు ఓ దురలవాటుంది. చీకటి కనపడితే దానికదే వెలుగు పెంచేసి మసక సంధ్యను మిట్టమధ్యాహ్నం చేస్తుంది. ఎక్స్‌పోజరు బిగించేయాలి. ఫోకసు బిగించేయాలి. స్టాండు లేక, కెమెరా అమ్మాయి ఇంకో సైకిలు క్యారియరు మీద వెనక్కి తిరిగి కూర్చుంటే స్నేహితుడు నడిపించాడు. ఎర్ర మొరం బాట మీద ఆ సైకిలు ఎగిరిన ప్రతిసారీ బొమ్మ కూడా ఎగిరింది. టైర్లలో గాలి సగం తీసేస్తే తగ్గింది. శబ్దానికి రెండో ఫోను నాన్న చొక్కా జేబులో పెట్టి రికార్డు చేశారు. షూటింగయ్యాక అందరూ నోరుమూసుకుని నిలబడి ముప్ఫై సెకన్ల వీధి నిశ్శబ్దం కూడా పట్టుకున్నారు. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య అతుకు వేసేది ఆ నిశ్శబ్దమే.

ఇంటికొచ్చి చూసుకుంటే ఆరో షాటులో సైకిలు కుడి నుంచి ఎడమకు పోతోంది. మురుగుకాల్వ అడ్డమొచ్చి కెమెరా వీధికి అవతలి వైపు పెట్టారు. నాన్న వెళ్లిందీ అదే వైపు, వీధీ అదే. కానీ కెమెరా గీత దాటింది. తెర మీద చూస్తే టీ కొట్టు చేరకముందే మనిషి వెనక్కొచ్చేస్తున్నాడు. వేరే సినిమాలో అయితే సర్దుకుపోయేవాళ్లేమో. ఇందులో ఉన్న కథంతా ఆ దిక్కు మారడంలోనే ఉంది. ఎడమ నుంచి కుడికి వెళితే డ్యూటీ, కుడి నుంచి ఎడమకు వస్తే సెలవు. మళ్లీ ఇంకో ఆదివారం, మళ్లీ లైట్లు, మళ్లీ బతిమాలుకోవడాలు. నోటుపుస్తకం చూసి చొక్కా మూడో గుండీ విప్పి ఉంచారు, టిఫిన్ క్యారియరు హ్యాండిలుకు ఎడమ పక్కనే తగిలించారు.

ఆ రెండో ఆదివారమే అది జరిగింది. నాన్న నీలం చొక్కా తొడుక్కుని, సైకిలు స్టాండు తన్ని, గుమ్మం దాటుతున్నాడు. కెమెరా నడుస్తోంది. లోపల మంచం మీదున్న తాత లేచి గుమ్మంలోకొచ్చాడు. చీకటి పడుతున్న వేళ, తన చొక్కా, తన సైకిలు, తన టిఫిన్ క్యారియరుతో వెళ్లిపోతున్న మనిషిని చూశాడు. అందరూ కొయ్యబారిపోయారు. తాత కోప్పడలేదు. "నైట్ డ్యూటీయా?" అని అడిగాడు. నాన్న తల తిప్పకుండా, "అవున్నాన్నా" అన్నాడు. "సలిగా ఉంది. మఫ్లరు సుట్టుకో" అని తాత లోపలికెళ్లిపోయాడు.

కెమెరా అప్పటికే కిందికి దించేసింది అమ్మాయి. బొమ్మ లేదు. జేబులో ఫోను మాత్రం అంతా వింది. 14 సెకన్లు.

ఎడిటింగులో ఆ 14 సెకన్లు పక్కన పెట్టుకుని చూస్తే మిగతా సినిమా తేలిపోయింది. నల్లతెర మీద ఆ రెండు గొంతులు, తర్వాత టైటిలు. అంతకు మించిన ప్రారంభం ఉండదని నలుగురికీ తెలుసు. కెమెరా అమ్మాయికి కూడా. ఈసారి వాదన జరగలేదు. కుర్రాడే తాత చెవిలో ఇయర్‌ఫోను పెట్టి వినిపించాడు. తాత రెండుసార్లు విన్నాడు. "ఎవలిదిరా ఈ గొంతు? మంచోడిలాగున్నాడు" అన్నాడు. నీదే తాతా, సినిమాలో పెట్టుకోనా అని కుర్రాడు అడిగాడు. తాత జవాబు చెప్పలేదు, ఇయర్‌ఫోను వైరు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కుర్రాడు మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ 14 సెకన్లూ సినిమాలో లేవు. కుర్రాడి ఫోనులో ఉన్నాయి, నాన్న ఫోనులో ఉన్నాయి.

మిగిలింది టైటిలు. 'డ్యూటీ' అని తెలుగులో పడాలన్నది కుర్రాడి పట్టుదల. కంప్యూటర్లో ఫాంటుతో వేసేస్తే సరిపోయేదే. కానీ మాస్టారు క్లాసులో టైటిలు కూడా దర్శకత్వంలో భాగమేనని ఓ గంట చెప్పారు. సత్యజిత్ రాయ్ సినిమాల్లోకి రాకముందు వాణిజ్య చిత్రకారుడు, అక్షరాలు ఆయన చేతిలో పుట్టేవి. రాయ్ రోమన్ అనే ఇంగ్లీషు టైపుఫేసు ఆయన గీసిందే. మనకూ అలాంటాయన ఒకరున్నారు. ఆ సంగతి ఖరగ్‌పూర్ మాస్టారికి తెలియదు గానీ మామ్మకు తెలుసు. బాపు బొమ్మలు వేస్తూ వేస్తూ సినిమాలు తీశాడు, 'సాక్షి' (1967) మొదటిది. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటు అయ్యింది. మామ్మ పెళ్లయి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో ఆయన బొమ్మ ఉన్న పాత వారపత్రిక అట్ట ఒకటి ఇంకా ఉంది.

మామ్మ అయిదో తరగతి దాకా చదివింది. పలక తెమ్మంది. పలకలు ఇప్పుడెక్కడున్నాయి? క్యాలెండరు వెనక వైపు, కుర్రాడి స్కెచ్ పెన్నుతో రాసింది. చేయి వణికింది. తలకట్టు మీద సున్నితంగా ఆగి, డకు దీర్ఘం పెట్టి, కింద యావత్తు తిప్పింది. కుర్రాడు దాన్ని ఫొటో తీసి, వెనక తెలుపు తీసేసి, సైకిలు వెనక్కొస్తున్న షాటు మీద పెట్టాడు. అక్షరాల వణుకు అలాగే ఉంచాడు. యావత్తు తోక కొంచెం పొడుగైందనిపించి కత్తిరించాడు.

పంపించే రోజు రాత్రి మామ్మకు చూపించాడు. ఒక నిమిషం 52 సెకన్లు. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది. కొడుకు వీపు కనపడ్డప్పుడు, "అచ్చం ఆయనే ఎల్తన్నట్టుంది" అంది. టీ కొట్టు బిహారీ మాటకు తల ఊపింది. టైటిలు పడగానే ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఇదేట్రా, యావత్తు నరికేసినావు? డ్యూ ఎక్కడుంది? ఇది డూటీ."

గడువుకు గంటన్నర ఉంది. కుర్రాడు క్యాలెండరు కాగితం మళ్లీ వెతుక్కుని, తోక మళ్లీ అతికించి, మళ్లీ ఎక్కించడానికి పెట్టాడు. నెట్టు నెమ్మదిగా ఉంది. లోపల తాత నిద్రలేచి, టైమెంతయిందని అడిగాడు.